మా కొండ ఏట్లో ఉంది

"ఎంతుందంట?"

వానాకాలం వచ్చిందంటే మా ఇంట్లో ఈ మాటకి ఒకటే అర్థం. గోదారి ఎంతుంది అని. మామ్మ వంటింట్లోంచి అడిగేది. వీధిలోంచి ఎవరు వచ్చినా ముందు ఆ సంగతి చెప్పి అప్పుడు చెప్పులు విప్పాలి. "పదకొండు దాటిందంట మామ్మా" అంటే ఆవిడ పొయ్యి మీంచి కళ్లు తిప్పకుండానే "ముప్పావు కాలేదు కదా, కూర్చో" అనేది.

ముప్పావు అంటే 11.75 అడుగులు. ధవళేశ్వరం దగ్గర గోదారి ఆ గీత తాకితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. ఆనకట్ట మీంచి సముద్రంలోకి పోయే నీళ్లు మొదటి గీత దగ్గర సుమారు 10 లక్షల క్యూసెక్కులు, రెండో దాని దగ్గర 13 లక్షలు, మూడో దాని దగ్గర 17 లక్షలు. క్యూసెక్కంటే సెకనుకి ఒక ఘనపుటడుగు. ఇవన్నీ నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. మా ఊళ్లో పుట్టిన పిల్లలకి ఎక్కాలతో పాటే ఈ మూడు ముప్పావులూ వచ్చేస్తాయి.

ఊరు చిన్నదే. కానీ వరదల రోజుల్లో రేడియోలో వార్తలు మొదలైతే మా ఊరి పేరు రాకుండా అయ్యేవి కాదు. "ధవళేశ్వరం వద్ద గోదావరి నీటిమట్టం..." అనగానే నాకు ఒళ్లు పొంగిపోయేది. కోనసీమలో మా చుట్టాలంతా మా ఊరి పేరు విని గుండెలు చిక్కబట్టుకునేవారని తెలియని వయసు అది.

మా తాతయ్య ప్రభుత్వ వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. కాలవలకి, లాకులకి కావలసిన ఇనప సామానంతా ఒకప్పుడు మా ఊళ్లోనే తయారయ్యేది. ఆనకట్ట కట్టే రోజుల్లో దాని కోసమే పుట్టిన వర్క్‌షాపు అది. పని మానేసి పదేళ్లయినా తాతయ్య చేతి గీతల్లో ఆ నల్లదనం పోలేదు. నా చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే ఆ అరచెయ్యి ఆకురాయిలా గరుగ్గా ఉండేది.

ఏకాదశి నాడు ఆయన నన్ను కొండ మీదికి తీసుకెళ్లేవారు. మా కొండ మీద జనార్దనస్వామి ఉన్నాడు. గౌతమి ఒడ్డున వరసగా కోటిపల్లి దాకా ఉన్న నవ జనార్దన క్షేత్రాల్లో మాది మొదటిది. దర్శనం అయ్యాక తాతయ్య గుడి వెనక్కి తీసుకెళ్లి, కింద గోదారిని చూపించేవారు. వెడల్పు ఎంతంటే, మధ్యలో లంకలన్నీ కలుపుకుని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దాదాపు నాలుగు మైళ్లు. అవతల విజ్జేశ్వరం మసగ్గా ఒక గీతలా కనిపించేది. నేను ఏరు చూస్తుంటే ఆయన మాత్రం కొండ పక్కనే చెక్కేసినట్టు ఉన్న చోటు చూపించి అడిగారు ఒకసారి.

"ఈ కొండలో మిగతాది ఏమైందిరా?"

నాకు తెలియదన్నాను.

"ఏట్లో ఉంది. మన కొండ ఏట్లో ఉంది."

ఆ మాట నన్ను ఎన్ని రాత్రులు పట్టుకుందో! కొండ నడుచుకుంటూ వెళ్లి గోదాట్లో పడుకున్నట్టు కలలు వచ్చేవి. ఆ తర్వాత ఆయనే ముక్కలు ముక్కలుగా ఆ కథ చెప్పుకొచ్చారు. పెద్దయ్యాక నేను చదువుకున్నది దానికి కలిసింది.

1833 నాటి కరువు ఈ ప్రాంతాన్ని తుడిచిపెట్టినంత పని చేసింది. 1839లో కోరంగి దగ్గర ఉప్పెన. చేలు ఎండి జనం మలమల మాడిపోతుంటే పక్కనే గోదారి ఒడ్డులొరసి పారి సముద్రంలో కలిసిపోయేది. వానొస్తే ముంచేది, వాన లేకపోతే చూస్తూ పోయేది. అప్పటికి తంజావూరు వైపు కొల్లిడం మీద ఆనకట్టలు కట్టి వచ్చిన ఇంజనీరు ఆర్థర్ కాటన్. ఇసకలో పునాది ఎలా నిలబెట్టాలో ఆయన చోళుల కాలం నాటి కల్లణై చూసి నేర్చుకున్నాడు. ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే. ఆయన గోదారి అంతా తిరిగి చూసి మా ఊరు దగ్గర ఆగాడు.

మా ఊరే ఎందుకంటే, పాపికొండలు దాటి మైదానంలోకి దిగిన ఏరు ఇక్కడే పాయలుగా చీలుతుంది. డెల్టాకి తలకాయ ఇది. ఇక్కడ ఎత్తి పట్టుకుంటే నీళ్లు తూర్పుకి, మధ్యకి, పడమటికి తమంతట తామే పల్లానికి పోతాయి. ఏటి మధ్యలో లంకలున్నాయి కాబట్టి ఒక్కపెట్టున నాలుగు మైళ్ల గోడ కట్టక్కర్లేదు, నాలుగు ముక్కలుగా కట్టుకోవచ్చు. ధవళేశ్వరం ముక్క, ర్యాలి ముక్క, మద్దూరు ముక్క, విజ్జేశ్వరం ముక్క. ఇవన్నీ ఒక ఎత్తు, ఏటి ఒడ్డునే రాయి దొరికే కొండ ఉండడం ఒక ఎత్తు.

ఆ రాయిని రేవుకి చేర్చడానికి మా ఊళ్లో పట్టాలు వేశారు. 1845లో! బొంబాయి నుంచి ఠాణాకి మొదటి ప్రయాణికుల రైలు నడిచింది 1853లో. దానికి ఎనిమిదేళ్ల ముందే మా కొండ రాళ్లు పట్టాల మీద వెళ్లాయి. ఈ సంగతి చెప్పేటప్పుడు తాతయ్య గొంతు మారిపోయేది. ఆ పట్టాలు ఆయనే స్వయంగా వేసినట్టు చెప్పేవారు.

1847లో పని మొదలై 1852లో పూర్తయింది. అడుగున బండ తగలదు, ఎంత తవ్వినా ఇసకే. అందుకని ఇసకలో బావుల్లాంటివి దింపి, వాటి మీద గోడ లేపి, దిగువన కొండరాళ్లు గుట్టలు గుట్టలుగా పోశారు. వరద వచ్చి కింద ఇసక కొట్టుకుపోతే పైన రాయి ఆ గోతిలోకి దిగి కూర్చుంటుంది. మళ్లీ పైన రాయి పొయ్యాలి. మళ్లీ దిగుతుంది. అలా ఏళ్ల తరబడి ఏరు మింగగా మింగగా ఒకనాటికి కడుపు నిండి ఆగుతుంది. తాతయ్య దీన్ని అన్నం ముద్దలు పెట్టినట్టు చేత్తో అభినయించి చూపించేవారు. మా కొండ ఏట్లోకి ఎలా వెళ్లిందో అప్పుడు నాకు అర్థమైంది.

కాటన్ పేరు అందరికీ తెలుసు. ఆయన దగ్గర పనిచేసి, కూలీల్ని కూడగట్టిన వీణెం వీరన్న పేరు కొద్దిమందికి తెలుసు. రాళ్లు కొట్టినవాళ్లు, తట్టలు మోసినవాళ్లు, సున్నం తిప్పినవాళ్లు, పడవల మీద బండలు తీసుకెళ్లి ఏటి నడుమ దొర్లించినవాళ్లు వేలల్లో ఉన్నారు, వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. పని అయిపోయాక వాళ్లలో కొందరైనా ఇక్కడే ఉండిపోయి ఉంటారని, మా వీధిలో ఇళ్లు కట్టుకున్నది వాళ్ల మనవలేనని తాతయ్య గట్టి నమ్మకం. నేనూ అలాగే నమ్ముతాను.

ఆనకట్టకి ముందు మా ఊరు కొండ మీద స్వామి, కింద రామపాదాల రేవు, తీర్థానికి వచ్చే జనం, అంతే. ఆనకట్టతో వర్క్‌షాపు వచ్చింది, ఇరిగేషన్ ఆఫీసులు వచ్చాయి, కమ్మర్లు, వడ్రంగులు, పడవ వాళ్లు వచ్చారు. తూర్పు కాలవ మా ఊళ్లోనే పుట్టి బయల్దేరింది. ఆ కాలవ పట్టుకుని పోతే కాకినాడ. పడమటి కాలవ పట్టుకుంటే ఏలూరు, అక్కణ్ణించి కృష్ణ, అది దాటి బకింగ్‌హాం కాలవ, ఆఖరికి మద్రాసు. ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు, పెళ్లివారు, అన్నీ నీళ్ల మీదే. మా మామ్మ కాపరానికి వచ్చింది కూడా పడవలోనే. కాకినాడ కాలవ గట్టు మీది ఊరు వాళ్లది. సారె కావిళ్లతో రాత్రంతా ప్రయాణం చేసి తెల్లారేసరికి లాకుల దగ్గరికి వచ్చారట.

"లాకులో పడవ ఆగింది. తలుపులు మూశారు. పడవ దానంతటది పైకి లేస్తా ఉంటే నేను హడిలిపోయి మీ తాతయ్య చెయ్యి పట్టేసుకున్నాను. అదే మొదటిసారి" అనేది. ఆ మాట అన్నాక ఒక్క నిమిషం ఏ పనీ చేసేది కాదు.

నేను చూసేనాటికి పడవలు తగ్గిపోయాయి. ఎప్పుడో ఒకటి వచ్చేది. వచ్చిందని తెలిస్తే బడి నుంచి పుస్తకాల సంచులతో అలాగే లాకుల మీదికి పరుగెత్తేవాళ్లం. కింది తలుపు మూస్తారు, పైనుంచి నీళ్లు వదులుతారు, గోడ పట్టుకుని చూస్తుంటే పడవ మన కాళ్ల దగ్గర నుంచి మొహం దాకా లేచొస్తుంది. పడవ మీద పొయ్యి, పొయ్యి మీద గిన్నె, గిన్నెలో ఉడుకుతున్న అన్నం. అన్నం వాసనతో సహా ఒక సంసారం ఎదురుగా లేచి నిలబడేది. ఇంతకంటే గొప్ప వింత నేను ఎక్కడా చూడలేదు.

ఎండాకాలం కాలవలు కట్టేసేవారు. అప్పుడు కాలవంతా మాదే. అడుగున బురదలో చేపలు దేవుకోవడం, పగిలిన పెచ్చుల మీద పరుగులు. జూన్‌లో కాలవలు వదిలే రోజు ఊరంతా హెడ్ స్లూయిజు దగ్గరే, అంటే కాలవ మొదట్లో నీళ్లు వదిలే తలుపుల దగ్గర. పసుపు, కుంకుమ, పూలు, గోదారమ్మకి చీర. తలుపు కొద్దిగా ఎత్తగానే ముందు ఒక నురగ నాలుక వస్తుంది, ఎండుటాకుల్ని నెట్టుకుంటూ. దాని వెంట మేం గట్టు మీద పరుగెత్తేవాళ్లం. కాసేపు మేమే ముందుండేవాళ్లం. తర్వాత అది మమ్మల్ని దాటి కడియం వైపు వెళ్లిపోయేది. ఆ నీళ్లు పోయి పోయి మూడు డెల్టాల్లో కలిపి పది లక్షల ఎకరాలు తడిపేవి. మా వీధిలో మాత్రం ఎకరం పొలం ఉన్నవాళ్లు నాకు గుర్తు లేరు. "మనం పెట్టే చెయ్యిరా" అనేవారు తాతయ్య.

పాత ఆనకట్ట వందేళ్లు దాటి ముసలిదైపోయింది. 1970లో కొత్త బ్యారేజీ పని మొదలైంది, 1982కి పూర్తయింది. నా చిన్నతనమంతా సిమెంటు లారీల వెనకే గడిచింది. 175 తలుపులు. ధవళేశ్వరం వైపు 70, ర్యాలి వైపు 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. వేసవి సెలవుల్లో మా పందెం ఇవి లెక్కపెట్టుకుంటూ అవతలి ఒడ్డుకి నడిచి వెళ్లడం. పిచ్చుకలంక దాటేసరికి లెక్క తప్పేది, మళ్లీ మొదటికి. బ్యారేజీ మీద రోడ్డు పడ్డాకే మా ఊరు నిజంగా మారింది. అంతకుముందు అవతలికి వెళ్లాలంటే పడవ ఎక్కాలి, పడవ వాడి తీరిక చూసుకోవాలి. ఇప్పుడు కొబ్బరి లారీలు, బస్సులు అన్నీ మా వీధి చివర నుంచే. టిఫిన్ హోటళ్లు వచ్చాయి, టైర్లకి పంక్చర్లు వేసే కొట్లు వచ్చాయి, రాత్రిళ్లు కూడా దీపాలు వెలిగాయి. రేవు దగ్గర పడవ వాళ్ల పాక మాత్రం ఖాళీ అయింది. ఆ ముసలాయన కొన్నాళ్లు అలవాటు కొద్దీ వచ్చి, గడ వేసుకుని కూర్చుని వెళ్లిపోయేవాడు.

1986 ఆగస్టు సంగతి చెప్పకుండా మా ఊరి సంగతి చెప్పినట్టు కాదు. నాకప్పుడు పన్నెండేళ్లు.

భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటిందని వార్త వచ్చిన రోజు మామ్మ "ఎంతుందంట" అని అడగడం మానేసింది. అక్కడి నీళ్లు మా దగ్గరికి రావడానికి ఎంత సేపు పడుతుందో ఆవిడకి తెలుసు. మూడో ముప్పావు ఎప్పుడో దాటిపోయింది. ఇరవై. ఇరవై రెండు. ఆఖరికి 24 కూడా దాటింది. 35 లక్షల క్యూసెక్కులు. 175 తలుపులూ పూర్తిగా పైకి లేపేశారు. పైకీ కిందికీ తేడా లేకుండా ఒకే ఎర్రటి ఏరు.

ఆ రాత్రి చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చప్పుడు అనడం కూడా సరికాదు, నేలలోంచి వచ్చే వణుకు. మంచం కోడు మీద చెయ్యి వేస్తే తెలిసేది. తెల్లారి నాన్న వద్దంటున్నా తాతయ్య నన్ను గట్టు మీదికి తీసుకెళ్లారు. గడ్డివాములు వస్తున్నాయి. కొబ్బరిచెట్లు వేళ్లతో సహా వస్తున్నాయి. ఒక తాటాకు ఇంటి కప్పు చెదరకుండా అలాగే వచ్చింది, దాని మీద కోడి. బ్యారేజీ స్తంభానికి తగిలి రెండు ముక్కలైంది. కోడి ఏమైందో చూడకుండా నేను కళ్లు మూసుకున్నాను.

తాతయ్య నీళ్లకేసి చూడడం లేదు. నీళ్లు స్తంభాన్ని కొట్టి సుడి తిరిగే చోటే చూస్తున్నారు. గంటసేపు అలాగే నిలబడ్డారు.

"ఏం చూస్తున్నారు తాతయ్యా?"

"కింద రాయి ఉందో లేదో."

"ఎలా తెలుస్తుంది?"

"ఉంటే రేపు కూడా ఇక్కడే నిలబడి చూస్తాం."

మా ఊరు నిలబడింది. దిగువన గట్లు తెగాయి. కోనసీమలో మా పెదనాన్నగారి ఊరు మునిగింది. నాలుగో రోజున వాళ్లంతా మా ఇంటికి వచ్చారు. గుమ్మంలోనే పెద్దమ్మ మామ్మని పట్టుకుని ఏడ్చింది. ఆవిడ చేతిలో ఒక్క తాళం చెవి ఉంది. తలుపు కొట్టుకుపోయిన ఇంటి తాళం చెవి. రేడియోలో మా ఊరి పేరు విని పొంగిపోవడం నాకు ఆ రోజుతో పోయింది.

నీళ్లు తీశాక ఊళ్లో నెల రోజులు బురద వాసన. ఆ బురదలోంచే పులస వచ్చింది. సముద్రంలో ఇలసగా ఉండి, వరద నీటికి ఎదురీది గోదాట్లోకి వచ్చేసరికి పులస అవుతుంది. బ్యారేజీ దాటి పైకి వెళ్లలేదు కాబట్టి మా ఊరి దిగువన వలలో పడుతుంది. పుస్తెలమ్మైనా తినాలంటారు. ఆ ఏడు మాత్రం మామ్మ వండనివ్వలేదు. "ఆ నీళ్లు ఎందరి ఇళ్లు తిరిగి వచ్చాయో" అంది.

తాతయ్య 1993లో పోయారు. రామపాదాల రేవులో పిండం పెడుతుంటే పురోహితుడు సంకల్పంలో కాటన్ దొరని కూడా తలుచుకున్నాడు. మా వైపు ఇది మామూలే. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో గానీ, గోదారి స్నాన పుణ్యం రోజూ దక్కేలా చేసిన ఆంగ్లేయ భగీరథుడని ఒక శ్లోకం ఉంది. అది విన్నప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. రాళ్లు కొట్టినవాళ్ల పేరు కూడా ఉంటే బాగుండుననిపించింది. అందుకని మనసులోనే తాతయ్య పేరు పక్కన వాళ్లని కూడా తలుచుకుని మూడు దోసిళ్లు వదిలాను. ఇప్పటికీ ఏ పుష్కరానికి వెళ్లినా అలాగే వదులుతాను, 2003లో, 2015లో కూడా.

ఇప్పుడు మా ఊరికీ రాజమండ్రికీ మధ్య ఖాళీ లేదు. చిన్నప్పుడు సైకిలు మీద వెళ్తుంటే రెండు పక్కలా తోటలు, మధ్యలో భయం వేసే చీకటి. ఇప్పుడు అపార్టుమెంట్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఎక్కడ రాజమండ్రి ఆగిందో ఎక్కడ మా ఊరు మొదలైందో కొత్తవాళ్లకి తెలియదు. కాటన్ మ్యూజియం ఉంది, లోపల ఆనకట్ట నమూనాలు ఉన్నాయి. మే 15న ఆయన పుట్టినరోజుకి డెల్టా రైతులు దండలు పట్టుకుని వస్తారు. 2022లో జిల్లాలు విడగొట్టాక కోనసీమ వేరే జిల్లా అయింది. మామ్మ ఉంటే ఒప్పుకునేది కాదు. ఆవిడ లెక్కలో మా ఊరి నీళ్లు తాగేదంతా ఒకటే ఊరు.

ఆ ఏడు జూలైలోనే మళ్లీ పెద్ద వరద. భద్రాచలంలో 71 అడుగులు దాటింది. నేను హైదరాబాదులో ఉన్నాను. ఫోన్లో ప్రతి గంటకీ లెక్కలు వస్తూనే ఉన్నాయి. అయినా అమ్మకి ఫోన్ చేసి అడిగితే గానీ నమ్మకం కుదరదు.

"ఎంతుందంట?"

"ఇరవై ఒకటి దాటిందంట. పాతిక లక్షలట వదులుతున్నది. గట్టు మీదికి వెళ్లి చూసొచ్చాను."

"నువ్వెందుకు వెళ్లావమ్మా ఈ వయసులో?"

"మీ తాతయ్య లేరు కదరా, ఎవరో ఒకరు చూడాలి."

రెండు రాత్రులు అలాగే గడిచాయి. మూడో రాత్రి ఎప్పుడో ఫోన్ మోగింది. నేను పలికేలోపే అమ్మ అంది:

"మూడో ముప్పావుకి దిగింది. ఇక పడుకో."